పదిహేడో నంబర్ చీటీ

"ఎవరి కోసం వచ్చిన్రు?" అని అడిగింది భాగీరథి, తలెత్తకుండానే.

"మా దోస్తు కోసం."

"దోస్తుకు ఏమైంది?"

"జర... దిమాగ్‌ల..." అంటూ మాణిక్ తన తల వైపు వేలు చూపించాడు. అది తన తలేనని అంతలోనే గుర్తొచ్చింది. వేలును గోడ మీది క్యాలెండర్ వైపు తిప్పాడు.

భాగీరథి అప్పుడు తలెత్తి చూసింది. నవ్వు రాకుండా కింది పెదవిని పళ్ళతో పట్టుకుంది. మాణిక్ దారిపొడుగునా వల్లించుకుంటూ వచ్చిన మాటలన్నీ ఆ ఒక్క చూపుకు ఎటో పోయాయి.

అది 1986, ఫిబ్రవరి రెండో ఆదివారం. జహీరాబాద్ బస్టాండ్ వెనక సందులో ఒక అద్దె గది ఉండేది. నెలకు ఒకసారి బీదర్ నుంచి డాక్టర్ గురులింగప్ప వచ్చి అందులో కూర్చునేవాడు. మొదట్లో గుమ్మం మీద 'మానసిక వైద్యుడు' అని బోర్డు పెట్టాడు. రెండు నెలల్లో ఒక మేక తప్ప ఎవరూ మెట్లెక్కలేదు. మూడో నెల బోర్డు మార్చి 'తలనొప్పి, నిద్ర పట్టకపోవుట, నరముల బలహీనత' అని రాయించాడు. జనం రావడం మొదలైంది. కానీ ఎవరూ తమ కోసం రారు. ఒకరు పక్కింటామె కోసం వస్తారు. ఇంకొకరు బావమరిది కోసం వస్తారు.

ఆ గదిలో చీటీలు రాసే పని భాగీరథిది. ఆమె వారమంతా బడిలో సైన్సు చెబుతుంది, రెండో ఆదివారం ఇక్కడికి వస్తుంది. డాక్టర్ ఆమెకు మొదటి రోజే చెప్పాడు: "పేర్లు రాయొద్దమ్మా, నంబర్లు వెయ్యి. ఎదురుగా కూర్చున్నవాళ్ళే పేషెంట్లు. ఆ సంగతి మనకు తెలిసిందని మాత్రం వాళ్ళకు తెలియనివ్వొద్దు."

అందుకని భాగీరథి కొత్త చీటీ తీసి పైన పదిహేడు అని వేసింది.

"చెప్పుండ్రి. మీ దోస్తుకు ఏమైతది?"

"బండి తోలుతుంటడు మేడం. గుంతల పడి బండి ఎగిరిందనుకోండ్రి, ఎవరినన్న గుద్దిన్నేమో అని భయమైతది. వెనక్కి పోయి చూస్తడు. ఎవ్వరుండరు. జర ముందుకు పోతడు. మళ్ళ అదే భయం. మళ్ళ వెనక్కి."

"ఎన్నిసార్లు?"

"ఒక్కో గుంతకు పదిసార్లు."

"ఏం బండి?"

మాణిక్‌కు చెమట పట్టింది. లారీ అని చెబితే ఊళ్ళో ఉన్న డ్రైవర్లు కొద్దిమందే. ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

"సైకిల్," అన్నాడు.

భాగీరథి కిటికీలోంచి చూసింది. గోడకు ఒక సైకిల్ ఆనించి ఉంది. క్యారియర్‌కు అల్లం సంచి కట్టి ఉంది.

"సైకిల్‌తోటి ఎవరిని గుద్దుతడు మీ దోస్తు? కోళ్ళనా?"

"ఏమో మేడం. ఆయన భయం ఆయనది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నిజమే. నేను అట్ల అనొద్దుండె," అని తల వంచుకొని రాసుకుంది.

సరిగ్గా అక్కడే మాణిక్ పని అయిపోయింది. వెక్కిరించే ఆడపిల్లలను అతను చాలామందిని చూశాడు. వెక్కిరించి, తప్పు ఒప్పుకున్న పిల్లను చూడటం అదే మొదలు.

లోపల డాక్టర్ అతని కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగిరింది. "మీ దోస్తు నరాలు బాగున్నయి," అన్నాడు. తర్వాత చాలాసేపు అడిగి, విని, గోలీలు రాశాడు.

బయటికొచ్చాక భాగీరథి ఆ గోలీల సంగతి వివరించింది.

"మీ దోస్తుది మతిమరుపు కాదు. వెనక్కి పోయి చూసింది గుర్తుంటది. రోడ్డు మీద ఎవ్వరు లేరన్నదీ గుర్తుంటది. ఆ గుర్తు మీద నమ్మకం కుదరదు, గంతే."

"గోలీ ఏసుకుంటె నమ్మకం వస్తదా?"

"మెదడుల నరాల కణాలు ఒకదానికొకటి ఆనుకొని ఉండయ్. నడుమ సన్న సందు ఉంటది. మంజీరకు రెండు ఒడ్లు ఉన్నట్టనుకోండ్రి. ఈ ఒడ్డు కబురు ఆ ఒడ్డుకు పోవాలంటె పుట్టి కావాలె గదా? అసొంటి ఒక పుట్టి పేరు సెరటోనిన్. కబురు మంచిగ చేరకముందే ఈ ఒడ్డోళ్ళు పుట్టిని వెనక్కి గుంజుకుంటున్నరు. ఈ గోలీ ఆ గుంజుడును తగ్గిస్తది."

"నిజంగ గట్లనే ఉంటదా మేడం?"

"గట్లనే అనుకుంటున్నరు. మెదడు గురించి మనకు తెలిసింది ఇంకా కొంచెమే అని డాక్టర్ సారే అంటడు. గుణం కనబడనీకి నెల పడ్తది, ఇంకా ఎక్కువనే పడ్తది. నడుమల మానొద్దని చెప్పుండ్రి మీ దోస్తుకు. చెప్తె వింటడా?"

"నేను చెప్తె వినడు. మీరు చెప్పిన్రంటె వింటడు."

భాగీరథి ఇంకొకరిని పిలిచింది. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

నిజానికి ఆ దోస్తు ఉన్నాడు. పేరు మహమూద్. జహీరాబాద్ నుంచి బొంబాయి దాకా లారీ తోలేవాడు. మాణిక్, అతను ఒకే వాడలో పెరిగారు. పోయిరావడానికి మూడు రోజులు పట్టే దారికి మహమూద్‌కు ఆరు రోజులు పడుతోందని లారీ యజమాని సేట్ అప్పటికే గొణుగుతున్నాడు. దిమాగ్ గోలీలు తింటున్నాడని తెలిస్తే చేతిలోంచి స్టీరింగ్ లాక్కుంటాడు. ఇంట్లో తల్లి కులసుం, పెండ్లి కావలసిన చెల్లెలు ఉన్నారు. "నా పేరు బయటికి రావద్దు యార్, కసమ్ తిను," అన్నాడు మహమూద్. మాణిక్ ఒట్టు వేశాడు.

కాబట్టి రెండో ఆదివారాలు నడిచాయి. మార్చిలో మాణిక్ ఇస్త్రీ అంగీతో వచ్చాడు.

"మీ దోస్తు కొత్త అంగీ కుట్టించినట్టుండు," అంది భాగీరథి.

"ఇది నాది మేడం."

"మీ దోస్తుకు గూడ సరిగ్గ ఇసొంటిదే ఉంటది లెండ్రి."

ఏప్రిల్‌లో మహమూద్ నిజంగా నయమవుతున్నాడు. గుంతకు పదిసార్లు వెనక్కి పోయేవాడు మూడుసార్లకు వచ్చాడు. ఆ మాట చెప్పినప్పుడు భాగీరథి ముఖం వెలిగిపోయింది. మాణిక్‌కు ఒకవైపు సంతోషం, ఒకవైపు దిగులు. దోస్తుకు పూర్తిగా తగ్గిపోతే రెండో ఆదివారం ఎక్కడికి పోవాలి?

ఆమెకు అతను నచ్చాడనడంలో సందేహం లేదు. కానీ ఆమె దృష్టిలో అతను రోగి. జబ్బు తనది కాదని చెబితే, మరి ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే పిచ్చి డాక్టర్ దగ్గర నంబరున్న మనిషికి పిల్లనెవరిస్తారు? ఈ రెండింటి మధ్య మాణిక్ ఇరుక్కుపోయాడు.

ఇరుక్కున్నవాడు ఊరుకోలేదు. జూన్‌లో ఒక పని చేశాడు.

చీటీలో ప్రతి నెలా కొన్ని ప్రశ్నలు ఉండేవి. నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస.

"నిద్ర పడ్తుందా?" అని అడిగింది భాగీరథి.

మహమూద్‌కు బ్రహ్మాండంగా పడుతోంది. కానీ ఆ ఒక్క జవాబు తన గురించి చెప్పుకోవాలనిపించింది మాణిక్‌కు.

"పడ్తలేదు మేడం."

"ఆకలి?"

"అస్సలు లేదు."

"పండుకోక ఏం ఆలోచిస్తడు?"

"ఒకరి మాటలు యాదికొస్తయట. మంజీర, రెండు ఒడ్లు, పుట్టి... గిసొంటివి."

భాగీరథి పెన్ను ఆగింది. కిటికీ బయట తొలకరి చినుకులు రేకుల మీద చిటపటమంటున్నాయి. వాన వాసన లోపలికి వచ్చింది. ఇద్దరూ వాననే చూస్తున్నట్టు కూర్చున్నారు.

ఆమె చీటీలో ఇట్లా రాసింది: నిద్ర లేదు. ఆకలి లేదు. ఒకే ఆలోచన పదే పదే. ఆ ఆలోచన ఏమిటన్నది మాత్రం రాయలేదు.

డాక్టర్ ఆ చీటీ చదివి నుదురు రుద్దుకున్నాడు. "ఉన్నది తగ్గుతుంటే ఇంకొకటి తగులుకుంటున్నది," అని రాత్రి వేసుకునే కొత్త గోలీ ఒకటి కలిపాడు. మాణిక్ అది నిద్రగోలీ అనుకోలేదు. బలానికేమో అనుకొని అన్నిటితో పాటు మహమూద్ చేతిలో పెట్టాడు.

జూలై మొదటి సోమవారం పొద్దున్నే ఊళ్ళో కబురు పాకింది. షోలాపూర్ నుంచి ఉల్లిగడ్డ బస్తాలతో వస్తున్న మహమూద్ లారీ, చిరాగ్‌పల్లి దాటినాక రోడ్డు దిగి చెరుకు తోటలోకి పోయిందట. మాణిక్ సైకిల్ మీద ఊపిరి ఎగబీలుస్తూ వెళ్ళేసరికి మహమూద్ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.

"సో గయా యార్," అన్నాడు. "స్టీరింగ్ పట్టుకునే కన్ను మూతపడ్డది. కండ్లు తెరిస్తె చుట్టూత చెరుకు. జన్నత్‌ల చెరుకు గూడ ఉంటదా అనుకున్న."

"గోలీలు ఎన్నేసుకున్నవ్ రా?"

"నువ్వు తెచ్చినయే. గా రాత్రి గోలీ ఏసుకుంటె మరునాడు పదింటిదాక మబ్బుమబ్బుగనే ఉంటది. నాకు నిద్ర మంచిగనే పడ్తుండె గదా, గది ఎందుకిచ్చిన్రు?"

 మాణిక్ మంచం అంచున కూర్చొని, తల వంచుకొని, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

 మహమూద్ బొప్పిని చేత్తో పట్టుకొని మరీ నవ్వాడు. "అంటె... నీ ఇష్క్‌కు గోలీ నేను మింగిన్నా?"

"నవ్వకు రా. నీకేమన్న అయ్యుంటె?"

"కాలే గదా. పో, ముందుగాల గా మేడంకు నిజం చెప్పు."

"నీ పేరు చెప్పనని ఒట్టేసిన."

"పేరు చెప్పకు. నంబర్ చెప్పు." మహమూద్ నవ్వు తగ్గించి, గొంతు కూడా తగ్గించాడు. "ఒక్క సంగతి యార్. చెరుకుల ఆగినంక దిగి చూసిన. ఎవ్వరికి ఏం కాలే. ఒక్కపారే చూసిన. మళ్ళ చూడబుద్ధి కాలే. ఒక్కపారికే నమ్మకం కుదిరింది."

మాణిక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది దాచుకోవడానికి బయటికి పరుగెత్తాడు.

బడిలో మధ్యాహ్నం గంట కొట్టారు. వాన పడుతోంది. భాగీరథి గొడుగుతో గేటు దాకా వచ్చింది.

"మేడం, దోస్తు ఉన్నడు."

"ఉంటడు, ఎందుకుండడు. ఏమంటున్నడు?"

"కాదు మేడం. నిజంగ ఉన్నడు. లారీ తోలుతడు. నిద్ర పట్టనిది ఆయనకు కాదు. రాత్రి గోలీ ఏసుకొని ఇయ్యాల పొద్దుగాల లారీని చెరుకుతోటల పడేసిండు. ఏం కాలే, బొప్పి కట్టింది గంతే."

భాగీరథి ముఖంలో రంగు పోయింది. పోస్టాఫీసు వైపు నడిచింది. గొడుగు తన మీదే పట్టుకుంది. మాణిక్ తడుస్తూ నాలుగడుగుల వెనక నడిచాడు.

బీదర్‌కు ట్రంక్ కాల్ బుక్ చేశారు. లైన్ దొరకడానికి ముప్పావుగంట పడుతుందన్నాడు పోస్ట్‌మాస్టర్ శరణప్ప. భాగీరథి బల్ల మీద కూర్చొని తెల్లకాగితం తీసి నడుమ గీత గీసింది.

"ఒక్కొక్కటి చెప్పుండ్రి. వెనక్కి పోయి చూసేది?"

"దోస్తు."

"పదిసార్ల నుంచి మూడుసార్లకు తగ్గింది?"

"దోస్తుకే."

"నిద్ర పట్టనిది?"

"...నాకు."

"ఆకలి లేనిది?"

"నాకే."

"ఎప్పటిసంది?"

"ఫిబ్రవరి రెండో ఆదివారం సంది. పొద్దుగాల పదకొండు దాటింది అప్పటికి."

ఆమె అది కూడా రాసింది. పెన్ను గట్టిగా నొక్కి రాసింది. "నేనూ తప్పు చేసిన," అంది కాగితం వైపే చూస్తూ. "ఏం ఆలోచనో రాసి ఉంటె డాక్టర్ సార్‌కు అప్పుడే అర్థమయ్యేది. నాకు సిగ్గయింది."

అప్పుడే ఫోన్ మోగింది. లైన్‌లో గరగరమనే చప్పుడు. అరిస్తే తప్ప వినబడదు.

"సార్! పదిహేడో నంబర్ సార్! రాత్రి గోలీ బంద్ చెయ్యాల్నా సార్? నిద్ర పట్టనిది జబ్బుతోటి కాదు సార్! వేరే కారణం! ...కారణం! ...ప్రేమ సార్! ...కాదు సార్, ప్లేగు కాదు! ప్రేమ! ప్రే... మ!"

స్టాంపులు కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మానేశారు. శరణప్ప ముద్ర కొట్టబోయి చెయ్యి పైనే ఆపాడు. మాణిక్ గోడ మీది పిన్‌కోడ్‌ల పట్టికను మహా శ్రద్ధగా చదవసాగాడు.

రాత్రి గోలీ ఆపమన్నాడు డాక్టర్. మొదటిది మాత్రం మానొద్దన్నాడు. మబ్బు పూర్తిగా వదిలేదాకా స్టీరింగ్ ముట్టొద్దన్నాడు. ఈసారి ఆ దోస్తును కాళ్ళూ చేతులతో సహా తీసుకురమ్మన్నాడు.

మెట్లు దిగాక భాగీరథి గిర్రున వెనక్కి తిరిగింది.

"అయితె మీకు జబ్బు లేదా?"

"లేదు మేడం."

"ఏమీ లేదా?"

"ఇప్పుడైతె జలుబు చేసేటట్టుంది."

"నవ్వకుండ్రి!" అంది ఆమె. "నెల రోజుల సంది నేను ఒక్కదాన్నే కూసోని అన్నీ ఆలోచించుకున్న. మా నాయనకు ఎట్ల చెప్పాలె, టైముకు గోలీలు ఎట్ల ఇయ్యాలె, మీరు పదిసార్లు వెనక్కి పోతె పదిసార్లు మీ ఎంబడి ఎట్ల రావాలె... అన్ని తయారు చేసి పెట్టుకున్న. ఇప్పుడు జబ్బే లేదంటె ఎట్ల?"

 ఇంత కోపంలో ఇంత మంచి మాట మాణిక్ ఎప్పుడూ వినలేదు.

"లేకపోతె... వద్దా?" అన్నాడు.

భాగీరథి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. చొక్కా అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొడుగును కొంచెం పక్కకు జరిపింది. సగానికి తక్కువే, అయినా జరిపింది.

తర్వాతి రెండో ఆదివారం మహమూద్ తనే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. డాక్టర్ ముగ్గురినీ కలిపి తిట్టాడు. ఎక్కువ తిట్లు భాగీరథికి, అంతకన్నా ఎక్కువ మాణిక్‌కు పడ్డాయి. ఆ నెల చివరికి మహమూద్ మళ్ళీ బొంబాయి దారి పట్టాడు. వెళ్ళిన మూడో రోజు తిరిగొచ్చాడు. సేట్ గొణగడానికి ఏమీ దొరకలేదు.

కానీ పోస్టాఫీసులో పడ్డ మాట అక్కడే ఉంటుందా? పదిహేడో నంబర్ అల్లం అమ్మే మాణిక్‌దని ఊరంతా అనుకుంది. కాబట్టి మాణిక్ తల్లి నర్సమ్మ కొడుకును వెంటబెట్టుకొని సంబంధం అడగడానికి వెళ్ళేసరికి, భాగీరథి తండ్రి రామ్‌కిషన్‌కు అంతా తెలిసే ఉంది. ఆయన మార్కెట్ యార్డులో గుమాస్తా. భార్య పోయాక కూతురే లోకంగా బతుకుతున్నాడు.

చాయ్ తాగడం అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పిలగాడు మంచోడే అంటున్నరు. కాని ఒక మాట విన్న. పిచ్చి డాక్టర్ దగ్గర నీకు నంబరుందట గద. నిజమేనా?"

కాదంటే సరిపోతుంది. కానీ అదే ఊపులో, మరి ఎవరిదని ఆయన అడుగుతాడు. నర్సమ్మకు అసలు సంగతి తెలుసు. మహమూద్ ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడే. ఆమె కొంగు సర్దుకొని, నోరు కదపకుండా కొడుకు వైపు చూసింది.

"ఆర్నెల్ల సంది పోతున్న సార్," అన్నాడు మాణిక్. "ఇంక ముందు గూడ పోత."

వంటింటి గుమ్మంలోంచి భాగీరథి ముందుకు వచ్చింది. "ఆ నంబరు ఏసింది నేనే నాయనా. చీటీల ఏముందో నాకంటె ఎక్కువ ఎవరికి తెల్వదు. తెల్సే చెప్తున్న, ఈయననే చేసుకుంట."

 రామ్‌కిషన్ ఖాళీ కప్పును సాసర్‌లో అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. మాణిక్‌కు ఆ చప్పుడు గుండెలో వినబడింది.

"గా గోలీలతోటి మనిషి... మంచిగైతడా?"

"అయితడు నాయనా."

"నౌకరి చేసుకోవచ్చునా? నలుగురిల తిరగవచ్చునా?"

"అన్నీ చేసుకోవచ్చు."

ఆయన కప్పు కింద పెట్టాడు. "మా యార్డుల ఒకాయన ఉన్నడు," అన్నాడు కిటికీ వైపు చూస్తూ. "పెండ్లాం పోయి మూడేండ్లు. అప్పటిసంది రాత్రి రెండు కొడితె మెలకువ వస్తదట. మళ్ళ కన్ను మూతపడదట. అన్నం సైసదట. ఊకె ఊకె ఏడుపొస్తదట. ఎవరితోటి చెప్పుకుంటడు, గంత పెద్దమనిషి."

భాగీరథి తలుపు పట్టుకొని నిలబడిపోయింది. మూడేళ్ళుగా రాత్రిపూట వంటింట్లో కుండ మీది మూత చప్పుడవుతోంది. నాయన మంచినీళ్ళకు లేచాడనుకొని అటు తిరిగి పడుకునేది. ఊళ్ళో అందరి నిద్ర గురించీ అడిగి రాసుకుంది తను.

ఆమె నోరు తెరవబోయేంతలో మాణిక్ తన కుర్చీని ఆయన దగ్గరికి జరుపుకున్నాడు.

"రెండో ఆదివారం పదింటికి రమ్మనుండ్రి ఆయనను. అక్కడ పేరు గీరు ఎవ్వరు అడుగరు. నేను పక్కనే కూసుంట మామా."

"మామా అన్నవా?"

"నోరు జారింది సార్."

"జారితె జారింది తియ్యి. మళ్ళ ఎనకకు గుంజుకోకు." రామ్‌కిషన్ భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళ దగ్గర కొంచెం ఎక్కువసేపే తుడుచుకున్నాడు. తర్వాత నర్సమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, ముహూర్తం జల్దినే పెట్టుకుందం. రెండో ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు నాకు, అల్లునికి జర పనుంది."